ఆదిలాబాద్ రిలేలో కట్టె జార్చింది ఎవరు

పోయిన నెల మా పెద్దమ్మ బిడ్డకు, అంటే నాకన్నా ఏడాది పెద్దదైన అక్కకు, కరీంనగర్‌లో మోకాలి ఆపరేషన్ జరిగింది. మర్నాడు డాక్టరు వచ్చి, ఈమె వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేదని అడిగితే, పక్కనే ఉన్న కోడలు, మా అత్తమ్మ ఇల్లు దాటి ఎరుగదండీ అని చెప్పిందట. మంచం మీది నుంచి అక్క, "నేను అయిదు వేల మీటర్లు ఉరికేదాన్ని సార్, కాలేజీ టీముల" అంటే, మత్తు ఇంకా దిగలేదనుకుని కోడలు నర్సును పిలవబోయిందట. ఈ ముచ్చట అక్క ఫోనులో చెబితే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను గానీ, ఫోను పెట్టేశాక ఎందుకో ఆ పూట నా పనులేవీ సాగలేదు. మన ఈడు ఆడవాళ్లలో ఎంతమంది ఇలా ఇంట్లోవాళ్లు ఊహించలేని బతుకు ఒకటి బతికి, దాని ఊసు ఎవరి దగ్గరా ఎత్తకుండా వంటింట్లోకి వచ్చేశారో కదా.

మేము నలుగురం. కరీంనగర్‌లోని మా ఆడపిల్లల కాలేజీలో దూరపు పరుగుల జట్టు అంటే మేమే. హాస్టల్లో మమ్మల్ని పేర్లతో పిలిచినవాళ్లు లేరు, ఊళ్లతోనే పిలిచేవాళ్లు. మరమగ్గాల సిరిసిల్ల నుంచి వచ్చాం కాబట్టి అక్క పెద్ద సిరిసిల్ల, నేను చిన్న సిరిసిల్ల. పత్తి మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ బిడ్డ జమ్మికుంట. నాలుగో అమ్మాయి ఇచ్చోడ. వాళ్లది మెథడిస్టు చర్చికి పోయే కూలీల కుటుంబం. చేలగట్ల మీద మూడు మైళ్లు నడిచి బడికి పోయివచ్చిన కాళ్లు కనుక మా అందరిలో వేగం ఆమెదే. ఆమె తెలుగులో సగం మరాఠీ ఉండేది. మేము పరుగెత్తుతుంటే గీత పక్కన నిలబడి "పళ్! పళ్!" అని అరిచేది. ఉరుకు అనడమని తెలియక మొదటి నెలంతా మేము పళ్లు దాచుకుని పరుగెత్తేవాళ్లం.

పొద్దు పొడవకముందే మా పీడీ మేడం మోపెడ్ మీద వెనక వస్తుంటే, మానేరు డ్యాం కట్ట దాకా పోయి తిరిగి వచ్చేవాళ్లం. నలుగురిలో ఇద్దరికే బూట్లు ఉండేవి, అవీ వంతులవారీగా నలుగురి కాళ్లకూ తిరిగేవి. సల్వార్‌ను మోకాళ్ల దాకా మడిచి పిన్నులు పెట్టుకునేవాళ్లం. లారీ క్లీనర్లు ఏదో ఒకటి అరిచేవాళ్లు, మేడం మోపెడ్ ఆపి అంతకన్నా గట్టిగా అరిచేది. హాస్టల్‌కు వచ్చాక ఆటగాళ్లకని ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు కోసం వంటామెతో రోజూ తగాదా. ఆ రోజుల్లో మాకు దిగులు తెలియదని ఇన్నాళ్లూ నేను నమ్ముతూ వచ్చాను.

ఇక ఆ పందెం సంగతి. ఆదిలాబాద్‌లో కాలేజీల మధ్య పోటీలు. తలా నాలుగు వందల మీటర్ల రిలేకు మా కాలేజీ నుంచి పోవలసిన పిల్లల్లో ఇద్దరికి జ్వరం వస్తే, మావి దూరపు పరుగులే అయినా మేడం మా నలుగురినీ దింపింది. చలి అంటే మాట కాదు. తొమ్మిది గంటలకు కూడా గ్రౌండ్ గడ్డి తడి ఆరలేదు, వేళ్లు కొంకర్లు పోయాయి, సున్నం గీతలు మంచులో సరిగ్గా కనబడలేదు. నాకు గుర్తున్నది ఇది: మొదట జమ్మికుంట, తరువాత అక్క, మూడో చుట్టు నాది, చివరిది ఇచ్చోడది. నేను వచ్చేసరికి మాదే ముందు. ఆమె వెనక్కి చాచిన చేయి కనబడింది. ఆ చేయి బిగియకముందే నేను కట్టె వదిలేశాను. అది గడ్డిలో పడింది, ఆమె వంగి తీసుకునేలోగా ముగ్గురు దాటిపోయారు. ముందుగా వచ్చినవాళ్లలోంచే యూనివర్సిటీ జట్టుకు పిల్లల్ని తీసుకుంటారని, ఇచ్చోడకు తప్పకుండా చోటు వస్తుందని అనుకుంటున్న రోజులవి. మేడం వచ్చి ఎవరిదే తప్పు అని అడిగినప్పుడు, నేను సరిగ్గానే ఇచ్చాను మేడం, ఆమే పట్టుకోలేదు అన్నాను. ఇచ్చోడ తల దించుకుంది. క్రిస్మస్ సెలవులకు ఊరికి పోయిన మనిషి తిరిగి కాలేజీకి రాలేదు.

నేను పెళ్లి చేసుకుని, టీచరు ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. పిల్లలు అబద్ధం చెప్పినప్పుడల్లా చెయ్యెత్తబోయి దించేసుకునేదాన్ని. కారణం ఎవరికీ తెలియదు.

అక్కను చూడడానికి పోయిన రోజు జమ్మికుంట కూడా వచ్చింది. ముగ్గురం చాలా ఏళ్ల తరువాత ఒకచోట కూర్చున్నాం. మాటలు తిరిగి తిరిగి ఆదిలాబాద్ చేరాయి, నేను ఇక ఆగలేకపోయాను. ఆ కట్టె నా వల్లే పడిందని, మేడంతో అబద్ధం చెప్పానని, దానివల్లే ఇచ్చోడ చదువు ఆగిపోయిందని మొత్తం చెప్పేశాను. ఇద్దరూ తిడతారనుకున్నాను. అక్క మాత్రం దిండు మీద నుంచి తలెత్తి నన్ను వింతగా చూసింది.

"నువ్వు మూడోదానివి ఎట్లయితవే? నువ్వు ఉరికింది రెండో చుట్టు. నాకు నువ్విచ్చినవు, దానికి నేనిచ్చిన. కట్టె పడ్డది నా చేతులకెల్లి."

"ఏం మాట్లాడుతున్నవక్కా?"

"గా చెప్పులేని కాలు గడ్డిల జారి, తొందరపడి ఇడిసిపెట్టిన. ఇన్నేండ్లు నేను ఫికర్ చేసింది నీకెరుకనా?"

జమ్మికుంట మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కట్టె పడిన మాట నిజమే గానీ అది మొదటి చుట్టు చివర, తన చేతిలోంచి అక్క చేతికి పోయేటప్పుడు అన్నది. ఆ తరువాత ముగ్గురం చాలాసేపు వాదించుకున్నాం. ఎవరు ఏ చుట్టు పరుగెత్తారో వేళ్ల మీద లెక్కపెట్టాం, కాగితం మీద గ్రౌండు గీశాం, గీసిన కొద్దీ ఇంకా గందరగోళమైంది. ఎవరి చేతికి వారికి ఆ కట్టె జారిన స్పర్శ గుర్తుంది. ఎవరికి వారికి ఇచ్చోడ దించుకున్న తల గుర్తుంది. చివరకు జమ్మికుంటే, మనమెందుకు కొట్లాడుడు, పోయి దాన్నే అడుగుదాం అన్నది. భైంసాలో ఉండే తన బంధువు ఒకామె ద్వారా నంబరు సంపాదించింది. ఇచ్చోడ అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంత ఊరిలో ఇల్లు కట్టుకుందట.

అక్క కదలలేదు కాబట్టి మేమిద్దరమే బయలుదేరాం. నిర్మల్‌లో బస్సు మారాం. ఘాట్ ఎక్కుతుంటే జమ్మికుంట నిద్రపోయింది, నేను మాత్రం చెప్పవలసిన మాటలు బడిపిల్లలా వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఇచ్చోడలో దిగితే బస్టాండ్ దగ్గరే ఒక తెల్లజుట్టు మనిషి నిటారుగా నిలబడి ఉంది. నడక చూడగానే తెలిసిపోయింది. మమ్మల్ని కావలించుకుని, పత్తి చేను పక్కన ఉన్న ఇంటికి తీసుకుపోయి, జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. కడుపు నిండాక, ఆమె చాయ్ కప్పులు తెచ్చి ముందు పెట్టిన తరువాత, నేను వల్లె వేసుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆమె నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గా కట్టెనా? గది నేనే పడేసిన. చలికి నా వేళ్లు ముడుసుకపోయినయ్. ఎవరిచ్చిండ్రో నాకు యాదికి లేదు గని, పడ్డది మాత్రం నా చేతులకెల్లే."

"మరి చదువెందుకు ఇడిసిపెట్టినవే?"

"నర్సు ట్రైనింగుల సీటు దొరికె. బాపు పొమ్మన్నడు, పోయిన. కట్టె పడ్డదని ఎవరన్న చదువు బందు పెడతరానే?"

నాకు ఒళ్లు తేలికైనట్టూ అయింది, ఏదో పోగొట్టుకున్నట్టూ అయింది. ఇన్నేళ్లు మోసిన తప్పు నాది కాదంటే సంతోషించాలి కదా. మరి మేడం ముందు నేనన్న మాట? ఆ మాట అడిగితే, ఎవరేమన్నారో తనకు గుర్తే లేదన్నది. ఇంతలో ఆమె నవ్వు ఆపి, కప్పు కింద పెట్టి, చేను వైపు చూస్తూ మామూలుగానే అన్నది:

"కట్టె సంగతి యాదికి లేదు. మీ ఇంట్ల గిలాస సంగతి మాత్రం యాదికున్నది."

ఏ గ్లాసు అని అడిగాను. ఒక ఆదివారం మేమంతా సిరిసిల్లకు మా ఇంటికి పోయామట. అవ్వ, అంటే మా అమ్మ, అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చి, ఆమెకు మాత్రం వాకిలి పక్క గూట్లో ఉన్న గాజు గ్లాసు తీసి ఇచ్చిందట. తాగాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే, అవ్వ ఏమీ అనకముందే నేనే లేచి, ఆమెను పెరట్లోకి తీసుకుపోయి, "గిక్కడ కడిగి, మల్ల గూట్లె పెట్టు" అని చెప్పానట.

"మీ అవ్వ మీద నాకేం కోపం లేదు. పాతకాలం మనిషి. నువ్వు నాతోని ఒక్క పల్లెంల తినేదానివి గదా హాస్టల్ల. నీకు గా తొవ్వ ఎట్ల ఎరుకైందా అని, గదే సమజ్ కాలే."

అప్పుడు నేను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నిజమేనానే?" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "నువ్వే చెప్పు" అని, చాయ్ ఇంకొంచెం పోయనా అని అడిగింది.

తిరుగు బస్సులో నేను జమ్మికుంటను అడిగాను, ఆ రోజు నువ్వూ ఉన్నావు కదా, నీకేమైనా గుర్తుందా అని. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నాకిచ్చింది స్టీలు గిలాసే. గంతవరకే యాదికున్నది" అన్నది.

ఇంటికి వచ్చి ఎంత వెతుక్కున్నా ఆ ఆదివారం నాకు దొరకలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది, అడగడానికి లేదు. జరగని సంగతిని ప్రతి మంచు చుక్కతో సహా గుర్తుపెట్టుకున్న బుర్ర, జరిగినదాన్ని ఇంత శుభ్రంగా ఎలా తుడిచేసుకుంటుంది? లేక పందెం గురించి తప్పుగా గుర్తున్నట్టే ఇది కూడా ఆమెకు తప్పుగా గుర్తుందా? అలా అనుకోగానే ప్రాణం కాస్త తెరిపిన పడింది, వెంటనే ఆ తెరిపిని చూసి భయం వేసింది. అక్క దగ్గరికి పోయి చెప్పాను. అక్క పైకప్పు చూస్తూ, "గూట్లె గాజు గిలాస ఉండేది గదనే" అన్నది. "చాకలామె తాగేది, చెప్పులు కుట్టేటాయన తాగేది. గది ఎవరికోసమని మనం ఎన్నడన్న అడిగినమా?"

అప్పుడు గ్లాసు గుర్తుకొచ్చింది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన, ఆకుపచ్చ గీతల గ్లాసు. గూడు గుర్తుకొచ్చింది, పెరట్లో బండ గుర్తుకొచ్చింది. ఆ బండ పక్కన నిలబడ్డ అమ్మాయి మాత్రం ఇప్పటికీ గుర్తుకు రావడం లేదు.

మూడు రోజులు ఆగి ఆమెకు ఫోను చేశాను. నాకు యాది లేదు, కానీ చేసే ఉంటాను, తప్పయింది అన్నాను.

"యాదికి లేనిదానికి తప్పెట్ల ఒప్పుకుంటవే?"

"నీకు యాదికున్నది గదా."

"ఉన్నది" అన్నది ఆమె. క్షమించానని అనలేదు, అవసరం లేదనీ అనలేదు. వచ్చే వారం కరీంనగర్‌కు వస్తున్నానని, అక్క దగ్గరికి పోయే ముందు మీ ఇంట్లోనే దిగుతానని చెప్పింది.

ఇప్పుడు మా కాలేజీ పిల్లలు పొట్టి నిక్కర్లతో, మంచి బూట్లతో పరుగెత్తుతుంటే నాకు ముచ్చటేస్తుంది. వాళ్లను చూసి ఎవరూ అరవరు. ఎవరి ఇంటికి ఎవరు పోయినా ఎవరి సీసా నీళ్లు వాళ్లే తెచ్చుకుంటారు, కాబట్టి ఎవరి మనసులో ఏముందో తేల్చుకోవలసిన అవసరమే రాదు. అది మంచికో చెడుకో నేను చెప్పలేను. మా రోజులే వేరు అని మనవరాలికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నిన్న మళ్లీ ఆ మాటతోనే మొదలుపెట్టి, మా నలుగురి గురించి చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. తరువాత ఏమైందమ్మమ్మా అని అది అడుగుతూనే ఉంది. మిగతా ముగ్గురినీ ఒకసారి అడిగి చెబుతానన్నాను.