చిరుత అని తెలిసేదాకా

మంచిర్యాల జిల్లాగా ఏర్పడిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో నన్ను సుల్తానాబాద్ నుంచి అక్కడికి బదిలీ చేశారు. హోదా పశువైద్యాధికారి. అంటే బర్రెల కాన్పులు, గొర్రెలకు టీకాలు, కోళ్లకు తెగుళ్లు. కానీ అడవి జంతువుకు మత్తు ఇవ్వడంలో శిక్షణ ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. అందుకని అటవీ శాఖ నుంచి కబురు వస్తే చేతిలో పని వదిలేసి పోవాలి. నాకు పుట్టుకతోనే నిలకడ లేదు కాబట్టి ఆ కబుర్లంటే భయంతో పాటు ఇష్టం కూడా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే రేంజ్ ఆఫీసర్ శోభారాణి ఫోన్ చేసింది. ఆ ప్రాంతపు అడవికి ఆమే బాధ్యురాలు. అడవి అంచున ఒక పల్లెలో, మల్లేశ్ అనే రైతు మక్కజొన్న చేను గట్టున చిరుత ఉచ్చులో పడిందట. అడవిపందుల కోసం ఎవరో బైకు క్లచ్ తీగతో పెట్టిన ఉచ్చు అది. చూసింది మల్లేశే, కర్రలు పట్టుకుని వచ్చిన వాళ్లను ఆపి ఫోన్ చేసిందీ మల్లేశే.

మేము పోయేసరికి తీగ ముందుకాలి ఎముక దాకా కోసుకుపోయింది. మనుషులు దగ్గరికి వచ్చినప్పుడల్లా అది ఎగిరి గుంజుకుంటోంది, గుంజుకున్నప్పుడల్లా తీగ ఇంకాస్త దిగుతోంది. అప్పటికి కర్రలు పోయి అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. శోభారాణి వాళ్లను వెనక్కి నెట్టించాక తుపాకీతో మత్తు సూది వేశాను. అది ఒరిగింది. డొక్క ఎగసిపడటం చూసి, ఊపిరి సరిగా ఉందనుకున్నాక దగ్గరికి పోయాను.

మేము వాడే మత్తుమందుకు ఒక గుణం ఉంది. జంతువు సోయి లేకుండా పడి ఉంటుంది గానీ కళ్లు మూతపడవు, రెప్ప కొట్టదు. కనుగుడ్డు ఎండిపోకుండా లేపనం వేసి, వెలుతురు తగలకుండా గుడ్డ కట్టడం మొదటి పని. చూసేవాళ్లకు మాత్రం అది మేలుకుని తమవైపే చూస్తున్నట్టు ఉంటుంది. జనం ఎగబడేది ఆ చూపు కోసమే. అందుకని నా చికిత్స దగ్గర ఫోన్లు బయటికి తీయనిచ్చేవాణ్ణి కాదు. నేను తీసేవి గాయం ఫోటోలు మాత్రమే, పక్కన స్కేలు పెట్టి, చికిత్స రికార్డు కోసం, ఉచ్చు పెట్టినవాళ్ల మీద కేసు కోసం.

నేను ఫోటో తీయడం మల్లేశ్ చూశాడు. అంతదాకా నీళ్ల బిందెలు మోసిన మనిషి ముఖం మాడ్చుకున్నాడు.

"నా చేన్ల వడ్డది. నేను జూసిన, నేనే ఫోన్ జేసిన. మీరు తీస్తే సర్కార్ పని, నేను తీస్తే తమాషానా సారూ?"

జవాబు తోచనప్పుడు కోపం రావడం నా అలవాటు. కానీ ఆ రోజు కోపం రాలేదు, అతను అడిగినదాంట్లో తప్పేముంది? ఒక్క ఫోటో తీసుకోమన్నాను. ముఖం వద్దు, కాలూ తీగా మాత్రమే, అలాంటి ఉచ్చు ఏం చేస్తుందో ఊళ్లోవాళ్లు చూస్తారన్నాను. అతను బుద్ధిగా అంతే తీశాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'మా చేన్ల పులి వడ్డది, డాక్టర్ సారు మందు ఇస్తుండు' అని రాశాడు.

ఆ పల్లెల్లో చిరుతను పులి అనే అంటారు. అసలు పులి అయితే పెద్దపులి. అతను రాసినదాంట్లో అబద్ధం లేదు. బురద, నెత్తురు అంటుకున్న ఆ కాలి మీద మచ్చలు కనిపించలేదు. ఊరి గ్రూపులో మస్కట్‌లో పనిచేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయిన పులి మంచిర్యాలలోని బంధువుల ఫోన్లలోకి పెద్దపులై తిరిగొచ్చింది.

తీగ కోసి, కట్టు కట్టి, చిరుతను బోను బండి ఎక్కించాం. కుట్లు వేయడం మంచిర్యాలలో, నీడలో, బల్ల మీద జరగాలి. కాలువ గట్టు మీద ఒక్క బండి పట్టే దారిలో సగం పోయామో లేదో, ఎదురుగా కార్లు, ఆటోలు, బైకులు. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మత్తులో ఉన్న జంతువు తన ఒంటి వేడిని తాను తగ్గించుకోలేదు. తడి గోనెసంచులు కప్పినా థర్మామీటర్ పైకే పోతోంది. ఇంకో మోతాదు ఇస్తే ఊపిరి ఆగొచ్చు, ఇవ్వకపోతే బోనులో లేచి కట్టు పీక్కుంటుంది. నేను బండి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

శోభారాణి గొంతు పోయేలా అరిచి చెప్పింది, లోపల ఉన్నది చిరుత అని. ఎవరూ నమ్మలేదు. కారు దిగిన ఒక పెద్దమనిషి నవ్వాడు. "దాస్తున్రు మేడం. ఫోటో జూసినం గద. ఒక్కసారి సూపియ్యున్రి, పోతం."

తలుపు తీసి చూపిస్తే అందరూ మీద పడతారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు మా వెనకే బైకు మీద వస్తున్న మల్లేశ్‌ను పిలిచి బండి ఎక్కించాను. ఇంకో ఫోటో తీయమన్నాను. కళ్లకు కట్టిన గుడ్డ కదలొద్దు, ఫ్లాష్ వద్దు, పక్క నుంచి ఒళ్లంతా పడాలి, మచ్చలు కనిపించాలి. అతను తీసి అదే గ్రూపులో పెట్టి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు: "గిది పెద్దపులి గాదు. చిర్తపులి. పానం మీదికొచ్చింది, తొవ్వ ఇడువున్రి."

అదీ మొదటి ఫోటోలాగే మస్కట్ పోయి తిరిగొచ్చింది, దారిలో ఉన్నవాళ్ల ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. ముఖాలు మారాయి. ఎవరైనా జాలి పడ్డారేమోనని చూశాను. కారు పెద్దమనిషి ఫోన్ జేబులో వేసుకుని, "గింతేనా, గింత దూరం ఉట్టిగనే వస్తిమి" అంటూ బండి వెనక్కి తీశాడు. మిగతావాళ్లూ అంతే. కాసేపటికి దారి ఖాళీ అయింది.

చిరుత బతికింది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. కాలు మోపడం మొదలుపెట్టాక దాన్ని అడవిలో వదిలారు.

గాయపడ్డ జంతువును ఫోటో తీయొచ్చా అని ఆ తర్వాత కొత్తగా చేరిన డాక్టర్లు నన్ను అడిగేవారు. చికిత్సకు, కేసుకు తీయాలి, కళ్లు కప్పి తీయాలి, వెలుగు కొట్టకుండా తీయాలి అని చెప్పేవాణ్ణి. ఆ రోజు నేర్చుకున్నది కూడా చెప్పేవాణ్ణి: మనం ఫోటోలో పడకుండా వదిలేసిన భాగాన్ని చూసేవాళ్లు తమకు నచ్చినట్టు నింపుకుంటారు, కాబట్టి ఏ జంతువో, ఏం జరిగిందో స్పష్టంగా రాయకుండా చేయి దాటనివ్వొద్దు.

ఒక సంగతి మాత్రం రిటైరయ్యేదాకా వాళ్లకు చెప్పలేదు. ఆ బోనులో ఉన్నది నిజంగానే పెద్దపులి అయి ఉంటే, దారి వదలమని నేను ఏ ఫోటో పంపేవాణ్ణి?