ఏడు కిలోల కొర్రమీను

చింతగుంటపాలెం అంకమ్మరావు పట్టిన ప్రతి చేపకీ మూడు తూకాలుండేవి. గట్టు మీద ఒకటి, ఇంటికొచ్చాక ఒకటి, ప్రేమమ్మ టీ కొట్టు దగ్గర ఒకటి. గట్టు మీద కిలో ఉన్న కొర్రమీను ఇల్లు చేరేసరికి కిలోన్నర అయ్యేది. టీ కొట్టు దగ్గర రెండో గ్లాసు ఖాళీ అయ్యేలోపు మూడు కిలోలు దాటేది. చచ్చాక కూడా పెరిగే చేపలు రాష్ట్రం మొత్తం మీద ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి.

ఏడో తరగతిలో లెక్కల మేస్టారితో మాట పట్టింపు వచ్చి అంకమ్మరావు బడికి సెలవిచ్చేశాడు. లెక్కలు అక్కడితో ఆగిపోయాయి కాబట్టే తూకాలు అలా ఉంటాయని శివరామకృష్ణ అనేవాడు. ఇతను అంకమ్మరావుకి వరసకి బావ, ఊళ్లో పురుగుమందుల కొట్టు యజమాని. మందు అమ్మేది బావ, వీపుకి పంపు తగిలించుకుని పత్తికీ మిరపకీ కొట్టేది అంకమ్మరావు. తొంభై ఎనిమిదిలో పచ్చపురుగు చేలకి చేలు మేసేసిన ఏడాది అతను కొట్టని మందు లేదు. చావని పురుగూ చాలానే ఉంది. ఒక ముసలి పురుగు రోజూ కాయలోంచి తల బయటపెట్టి, "ఏం అంకమ్మరావూ, ఇవాళ ఆలస్యమైందే?" అని పలకరించేదట. "ఏం చెయ్యను తాతా, పంపు మొరాయించింది" అని తను జవాబు చెప్పి మరీ మందు కొట్టేవాడట.

పొద్దు వాలాక పంపు దించేసి ఎర్రకుంటకి పోయేవాడు. అది ఒకప్పుడు ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట. సాగర్ కాలువ నీళ్లు చేరి, గుర్రపుడెక్క అల్లుకుని, కొర్రమీలకి కాపురమైంది. ముందు చేతులు తోముకునేవాడు. సబ్బుతో కాదు, కుంటలోని బురదతోనే, మోచేతుల దాకా. మందు వాసన తగిలితే కొర్రమీను ఎర వంక చూడదు. రైతు మోసపోతాడు గానీ చేప మోసపోదని బావ వినేటట్టు అనేవాడు.

అతని కర్ర ముదురు వెదురు. ఏడాది పాటు పొయ్యి మీది అటకెక్కి పొగ తాగి, రాగిరంగు తేలింది. కొసని పట్టి లాగితే విల్లులా వంగేదే తప్ప చిట్లేది కాదు. "నా వంటింట్లో నాకన్నా దానికే చోటెక్కువ" అని భార్య వెంకటరావమ్మ సణిగేది.

గాలం చేసింది సైకిలు షాపు మీరా హుస్సేను. పాత సైకిలు చువ్వని ఎర్రగా కాల్చి, వంచి, సూదిలా అరగదీసి ఇచ్చాడు. చువ్వ చివర మరలు ఉంటాయి కదా, వాటిని మాత్రం అలాగే ఉంచాడు. నైలాన్ దారం ఆ మరల్లో బిగుసుకుంటే ముడి జారదు. అలాంటి గాలం చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు.

గుర్రపుడెక్క మధ్యలో అరచేతంత ఖాళీ చూసుకుని, గాలానికి బుల్లి కప్పని గుచ్చి, నీళ్లకి తగిలీ తగలనట్టు ఆడించేవాడు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకొచ్చి గుటుక్కుమంటుంది. ఆ చప్పుడు విన్న చోటే కప్ప గెంతాలి. చేప అందుకోగానే లాగితే కప్ప కూడా మిగలదు. ముందు పెదవులతో పట్టుకుంటుంది, తర్వాత మింగుతుంది. బీడీ రెండు దమ్ములు లాగేంతసేపు దారం వదిలేసి కూర్చోవాలి. ఆ రెండు దమ్ములూ ఓర్చుకోలేకే ఊళ్లో సగం మంది చేపలు కొనుక్కుని తింటున్నారని అంకమ్మరావు సిద్ధాంతం.

ఇది చూసి శివరామకృష్ణకి పట్టుదల వచ్చింది. మద్రాసు బర్మా బజారు నుంచి రీలున్న ఫైబర్ గాలం తెప్పించాడు. దానితోపాటు ఎర్ర కళ్ల ప్లాస్టిక్ కప్ప ఒకటి వచ్చింది. మొదటి విసురుకే ఆ కప్ప గట్టు మీది తుమ్మచెట్టెక్కింది. దాన్ని దింపింది అంకమ్మరావే.

"బావా, నీ కప్పకి ఈత రాదు గానీ చెట్టెక్కడం బాగా వచ్చు" అన్నాడు, ముళ్లు గీసుకున్న మోచేతులు చూసుకుంటూ. ఆ మాట వారం రోజులు ఊళ్లో తిరిగింది. బావ మర్చిపోలేదు.

రెండువేల ఒకటిలో, పత్తి పూత మీదున్న రోజుల్లో, ఒక సాయంత్రం అంకమ్మరావు నడుం దాకా తడిసి, గాలం లేని కర్రతో టీ కొట్టుకొచ్చాడు.

"తెంపుకుపోయింది బావా. ఏడు కిలోలు. తక్కువ చెబితే కళ్లు పోతాయి."

"నీళ్లలో ఉన్నదాన్ని ఎట్టా తూచావు?" శివరామకృష్ణ టీ ఊదుకుంటూ అడిగాడు.

"నేను తూచలేదు, అదే నన్ను తూచింది. నేను యాభై ఎనిమిది కిలోల మనిషిని. నన్ను నడుం లోతు దాకా లాక్కెళ్లింది. ఇంకో కిలో ఉంటే మెడ లోతుకి లాగేది. నువ్వే లెక్కేసుకో. తోక చేటంత! ఒక్క దెబ్బ కొట్టిందంటే గట్టు మీద మేసే గేదె నిలువునా తడిసి, ఒళ్లు దులుపుకుని ఇంటికెళ్లిపోయింది."

"ఏ గేదె?"

"ఇంటికెళ్లిపోయిందన్నాగా, ఇంకా ఏ గేదేంటి?"

కొట్టంతా నవ్వింది. శివరామకృష్ణ మాత్రం గ్లాసు కింద పెట్టాడు. "సరే బామ్మర్దీ. ఏనాటికైనా ఆ గాలంతో ఆ చేప దొరికి, ఏడు కిలోలకి తక్కువ తూగితే?"

"తూగితే నా కర్ర విరిచి పొయ్యిలో పెడతా. ఒట్టు. ప్రేమమ్మక్క సాక్షి."

"సాక్ష్యం చెబుతాలే, ముందు ఆ బురద కాళ్లు బల్ల మీంచి తియ్యి" అంది ప్రేమమ్మ.

పోయిన చేప మళ్లీ దొరుకుతుందా ఏంటి అని అంకమ్మరావు ధీమాగా ఒట్టేశాడు. తర్వాత మాత్రం ఆ కథకి ఇంట్లో చిక్కొచ్చింది. మిరపకాయల తొడాలు తీసేచోట ఆడవాళ్లు వెంకటరావమ్మని వదలేవారు కాదు. "ఏం వెంకటరావమ్మా, మీ ఆయన చేప ఇవాళ్టికి ఎన్ని కిలోలైంది?" అని అడిగేవారు. ఆమె ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేది. చెప్పి చెప్పి అంకమ్మరావుకే అనుమానం పట్టుకుంది. అసలు ఆ చేప ఉందా? గాలం ఏ వేరుకో తగిలి తెగిందేమో!

మరుసటేడు వానలు మొహం చాటేశాయి. కాలువ రాలేదు. పత్తి మోకాలెత్తున ఆగిపోయింది, ఎడ్ల డొక్కలు తేలాయి. రెండువేల మూడు వేసవికి ఎర్రకుంటలో నడిమధ్య బురద తప్ప ఏమీ మిగల్లేదు. కొర్రమీలు ఆ బురదలోనే దాక్కుంటాయి. ఊరంతా పంచెలూ చీరలూ ఎగగట్టి దిగింది. అంకమ్మరావు మాత్రం గట్టు మీదే కూర్చున్నాడు. గాలం లేకుండా చేపని పట్టడమంటే నిద్రపోతున్నవాణ్ణి కొట్టడమేనని అతని అభిప్రాయం.

"అమ్మోయ్! పాము కరిచిందిరోయ్!" శివరామకృష్ణ కేక.

చేతి బొటనవేలు నెత్తురోడుతోంది. అతని మోకాళ్ల మధ్య నల్లటి కొర్రమీను ఎగిరెగిరి పడుతోంది. దాని పెదవిలోంచి తుప్పుపట్టిన చువ్వ, చివర మరలతో, పొడుచుకొచ్చి ఉంది.

అంకమ్మరావు గుండె ఒక్కసారి ఎగిరింది. ఉంది! తన చేప నిజంగానే ఉంది! గబగబా బురదలోకి దిగాడు. దగ్గరికెళ్లి, చేప మొత్తం చూశాక, ఎగిరిన గుండె కూలబడింది.

ప్రేమమ్మ ఉల్లిపాయలు తూచే తక్కెడ తెప్పించారు. కిలో ఏడొందలు. అదీ బురదతో కలిపి.

"ఎవరిదబ్బా ఈ గాలం?" శివరామకృష్ణ వేలు చీకుతూ, గొంతులో తేనె పోసుకుని అడిగాడు.

మీరా హుస్సేను గాలాన్ని ఊడదీసి, చొక్కాకి తుడిచి, అటూ ఇటూ తిప్పాడు. తర్వాత స్నేహితుడి మొహం చూశాడు. "సైకిలు చువ్వ ఎవరికైనా దొరుకుద్ది. మరలు చూసి నాదేనని ఎట్టా చెప్పేది? పర్చూరులో కూడా సైకిళ్లున్నాయిగా!"

తప్పించుకునే దారి తెరిచే ఉంది. నాది కాదంటే చాలు, కర్ర అటక మీద భద్రంగా ఉంటుంది. కానీ అంకమ్మరావు జన్మలో చెప్పిన కథలన్నిట్లో పావలా వంతన్నా నిజమున్నది ఇదొక్కటే. దాన్ని కూడా కాదనమంటే ఇక మనిషి దేనికి?

"నాదే" అన్నాడు. "చేపా నాదే. రెండేళ్ల కిందట ఏడు కిలోలే. ఇప్పుడు చిక్కింది. కాలువ రాలేదు, వాన లేదు. మీరు చిక్కలేదా? మీ ఎడ్లు చిక్కలేదా? కరువు మీకేనా, చేపకి లేదా?"

బురదలో ఉన్నవాళ్లు ఒకళ్ల డొక్కలు ఒకళ్లు చూసుకున్నారు. మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది.

"నేను చిక్కలేదే!" అన్నాడు శివరామకృష్ణ.

"నువ్వు మందులు అమ్మావుగా అన్నయ్యా" అంది వెంకటరావమ్మ వెనకనుంచి. ఊరు గొల్లుమంది. ఆమె బుట్ట కింద పెట్టి ముందుకొచ్చింది. "నోట్లో ఇనుప ముల్లు గుచ్చుకుంటే రెండేళ్లు నువ్వేం తింటావు? ఇదుగో, ఈయన గాలానికి తగులుకుని నాకు పదిహేనేళ్లు. నేనే చిక్కి ఇట్టా అయ్యాను. చేప చిక్కదా?"

వెంకటరావమ్మ బస్తా మిరపకాయల్ని ఒంటిచేత్తో బండెక్కించగల మనిషి. ఆమె చిక్కడం ఊళ్లో ఎవరూ చూడలేదు. కాదనే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు.

"అదంతా సరే చెల్లెమ్మా" శివరామకృష్ణ పట్టు వదల్లేదు. "తక్కువ తూగితే విరుస్తానని ఒట్టు. చిక్కి తక్కువైతే వేరే సంగతని ఒట్టులో లేదు."

"లేదు" అంది ప్రేమమ్మ. "నేను విన్నా."

అంకమ్మరావు ఇంటికెళ్లి కర్ర తెచ్చాడు. ప్రేమమ్మ పొయ్యి ముందు నిలబడి, పొగ రంగు తిరిగిన ఆ వెదుర్ని ఒకసారి అరచేత్తో నిమిరాడు. నడిమధ్యన మోకాలుకి ఆనించాడు. నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేశారు. శివరామకృష్ణ కూడా ఎటో చూశాడు.

"ఆగవయ్యా" అని వెంకటరావమ్మ కర్ర లాక్కుంది. కొస నుంచి ఒక జానెడు కొలిచి ఫట్‌మని విరిచి, ఆ ముక్కని పొయ్యిలో పడేసింది. "విరిచాం. పొయ్యిలో పెట్టాం. ఎంత విరవాలో ఒట్టులో ఉందా అక్కా?"

ప్రేమమ్మ ఆలోచించింది. "లేదు."

తన మాటే తనకి అడ్డం తిరిగితే శివరామకృష్ణ ఏం చేస్తాడు! చివరికి కొర్రమీనుని ఆమె బుట్టలో పడేసి, "పులుసులో కారం తగ్గించు చెల్లెమ్మా, వేలు మండుతోంది" అన్నాడు. ఆ పొయ్యి మీదే పులుసు ఉడికింది. నడిముక్క బావకే వేశారు. ముల్లు లేకుండా చూసి మరీ వేసింది వెంకటరావమ్మ.

తర్వాత కాలువ వచ్చింది, కుంట నిండింది. మీరా హుస్సేను తుప్పు గీకి ఇచ్చిన అదే గాలంతో, కొస తెగిన అదే కర్రతో అంకమ్మరావు మళ్లీ గట్టెక్కాడు. కథల్లో మాత్రం చిన్న మార్పొచ్చింది. ఎంత చేప తప్పిపోయినా ఇప్పుడు అతను కిలోలు చెప్పడు, ఒట్టు వెయ్యడు. టీ కొట్టు దగ్గర కర్రని బల్లకి ఆనించి, భార్య ఉన్న దిక్కుకి ఓరగా చూసి, పెద్దగా నిట్టూరుస్తాడు.

"అందేదే బావా. ఆ జానెడు ఉంటేనా!"