కార్డు మీద ఫోటో ఎవరిది

దసరా సెలవులకు హాస్టల్ మూసే రోజున హెప్సిబాను ముక్కూ మొహం తెలియని ఒక మగవాడి కారెక్కించి పంపేశారు. పంపింది దొంగలు కాదు. గద్వాలలో ఆమె డిగ్రీ చదివే ఆడపిల్లల హాస్టల్ వాళ్ళు. ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఓటు ఉంది. బస్సెక్కితే ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ తీసుకోవడం తెలుసు. అయినా ఆమె ఒంటరిగా బస్టాండు దాకా నడిచిపోతే ప్రమాదమట. పొద్దున్నుంచి గేటు లోపల ట్రంకు పెట్టె మీద కూర్చోబెట్టి, సాయంత్రానికి ఎవరో ఒక మగవాడి చేతిలో పెడితే మాత్రం ప్రమాదం లేదట. ఆ ఒక్క సాయంత్రం వల్ల ఆమె చదువే ఆగిపోవలసింది.

హాస్టల్ పేరు రాయను. రాస్తే తప్పంతా ఆ ఒక్క గేటుదే అనుకుని మిగతా గేట్లవాళ్ళు హాయిగా నిద్రపోతారు.

హెప్సిబా మా పక్కింటి పిల్ల. పక్కిల్లు అనడమే గాని ఆ ఇంటి తలుపు తీసి ఉండగా నేను చూసిన రోజులు తక్కువ. మాది లింగాల దగ్గర పల్లె. ఆమె తండ్రి కృష్ణయ్య చిన్నాయిన, తల్లి తిరుపతమ్మ, ఆమె పుట్టకముందు నుంచీ వలస కూలీలే. రాఘవేందర్ అనే మేస్త్రి గుంపులో పనిచేస్తారు. కొన్నాళ్ళు పూణే, కొన్నాళ్ళు బెంగళూరు, ఇప్పుడు హైదరాబాదు అంచున అపార్టుమెంట్లు. సైటు ఎక్కడుంటే రేకుల గుడిసె అక్కడ. హెప్సిబా అయిదో తరగతి నుంచి హాస్టళ్ళలోనే పెరిగింది. "సెలవులకు ఇంటికి పోతవా?" అని తోటి పిల్లలు అడిగితే, "ఇల్లు ఏడికొచ్చిందో తెల్సుకోవాలె ముందు" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె నవ్వించడానికి అన్న మాట కాదు అది.

ఆ హాస్టల్లో చేరిన రోజే ప్రతి పిల్లకూ ఒక కార్డు తయారు చేస్తారు. దాని మీద తల్లిదండ్రుల ఫోటోలు అంటిస్తారు. సెలవులు వచ్చినప్పుడు ఆ ఫోటోలో ఉన్న మనిషి స్వయంగా గేటు దగ్గరికి వచ్చి సంతకం పెడితేనే పిల్లను బయటికి వదులుతారు. భూమి ఉన్నవాళ్ళకు, ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇది పెద్ద పని కాదు. పొద్దున బండేసుకుని వచ్చి మధ్యాహ్నానికి కూతురితో ఇంట్లో ఉంటారు. సైట్ల మీద బతికేవాళ్ళ సంగతి ఆ రూలు రాసినవాళ్ళు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇంకా కోపం వచ్చేది నాకు.

కట్టుబడి పనిలో ఆదివారం లేదు. మేస్త్రీలు పని ముట్టని రోజు నెలకు ఒక్కటే, అమావాస్య. గుంపులో ఎవరికి సెలవు కావాలన్నా ఆ రోజే. కృష్ణయ్య చిన్నాయిన వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. వాళ్ళకు అమావాస్య లేదు, పౌర్ణమి లేదు. కానీ మేస్త్రికి ఉంది. ఒకసారి మా ఊరి పాస్టరు ఆయన్ను ఆటపట్టించాడు.

"ఏం కృష్ణయ్యా, ఆదివారం ఆరాధనకు రావు గాని అమాస మాత్రం తప్పవు గదా!"

"ఏం జేయమంటరు పాస్టరు గారూ. ప్రభువు సెలవిచ్చినా మేస్త్రి ఇయ్యడు."

కాబట్టి హెప్సిబా సెలవుల ప్రయాణం అంటే హాస్టల్ మూసే రోజునూ మేస్త్రి అమావాస్యనూ ఒకచోట కలపడం. తల్లికి బస్సు బోర్డు చదవడం రాదు, అందుకని ప్రతిసారీ తండ్రే రావాలి. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. వారానికి ఒకసారి వార్డెన్ ఫోను కోసం వరుసలో నిలబడి మాట్లాడాలి. దసరా సెలవులకు ముందు వారం ఆమె మాట్లాడింది.

"నాయినా, సెలవులిస్తుండ్రు. ఎప్పుడొస్తవ్?"

"అమాసకు వస్త బిడ్డా. పెట్టె సదురుకోని ఉండు."

అంతే మాట్లాడుకున్నారు. ఏ వారం, ఏ తారీకు అని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఇంట్లో ఎన్నడూ చెప్పుకోలేదు. అమాస అంటే అమాస.

హాస్టల్ ఆఫీసు గోడ మీద క్యాలెండర్లో అమావాస్య సరిగ్గా హాస్టల్ మూసే రోజునే ఉంది. చదువు మొదలయ్యాక మొదటిసారి రెండూ కలిశాయని హెప్సిబా సంబరపడింది. కానీ ఆ అమావాస్య మధ్యాహ్నం దాటాక వచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండేది. మేస్త్రికి ఆ రోజు స్లాబ్ పడాలి. పైన బిల్డర్ తొందర. "పొద్దుగాల అమాస లేనే లేదు గదా, స్లాబ్ ఏద్దం. రేపు సూర్యుడు పుట్టేటప్పటికి ఉంటది, రేపే సెలవు" అన్నాడు రాఘవేందర్. ఆయన శాస్త్రం బిల్డర్ అవసరాన్ని బట్టి ఎటైనా తిరుగుతుంది. కృష్ణయ్య చిన్నాయిన కాంక్రీటు మోస్తూ ఏమీ కంగారు పడలేదు. అమాస రేపు. బిడ్డకూ తెలుసు అమాస రేపని. మేస్త్రి సెలవిచ్చిన రోజే కదా అమాస!

ఇక్కడ గేటు దగ్గర ఒక్కొక్క పిల్లే వెళ్ళిపోతున్నది. వాచ్‌మన్ మల్లన్న పేర్లు పిలుస్తున్నాడు. మధ్యాహ్నం దాటాక హెప్సిబా వార్డెన్ పద్మజ మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, నేను పోత. నాగర్‌కర్నూల్ల మా పెద్దమ్మ ఉన్నది. ఆమెతానికి పోత."

"నీ కార్డుల మీ పెద్దమ్మ ఫోటో ఉన్నదా?"

"లేదు మేడం."

"మరి?"

"నాకు పంతొమ్మిదేండ్లు మేడం."

"తొంభై వచ్చినా రూలు రూలే. తొవ్వల నీకేమన్నయితే పేపరోళ్ళు నా ఫోటో ఏస్తరు, నీది కాదు. పోయి కూసో."

ఆమె పోయి కూర్చుంది. మేడం కృష్ణయ్య చిన్నాయిన ఫోనుకు చేసింది. సైటులో చార్జింగ్ లేక అది మూగబోయి ఉంది. సాయంత్రమైంది. మేడం కూడా సెలవులకు ఇంటికి పోవాలి. ఆమెను ఏ ఫోటో కూడా ఆపదు కదా. అప్పుడు వనజ అనే జూనియర్ తండ్రి కారులో వచ్చాడు. పెబ్బేరులో పశువుల బేరాలు చేసే మనిషి. మేడం ముఖం వెలిగిపోయింది.

"అన్నా, మీది పెబ్బేరే గదా? ఈ పిల్లను జర మీతోని తీస్కపోండ్రి. వాళ్ళ నాయిన రాలే. ఆడికెల్లి బస్సులు మస్తుంటయి."

"ఎక్కమనుండ్రి, దానిదేముంది."

ఆయన ఫోటో ఎవరూ చూడలేదు. సంతకం తన కూతురి కోసం ఒక్కటే పెట్టాడు. కారు ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన ఎక్కేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"మీ నాయినకు గింత కూడ పట్టింపు లేదా? ఆడపిల్లను గిట్ల ఇడిసిపెడ్తరా ఎవరన్న?"

"పని మీద ఉండొచ్చు సార్."

"ఏం పని?"

"కట్టుబడి పని."

"అట్లనా. ఊళ్ళె ఏ గేరి మీది?"

"చర్చి గేరి సార్."

ఏ వాడో తెలిస్తే కులం తెలిసినట్టే, ఇంక అడగడానికేం లేదు. కొంచెం దూరం పోయాక, "వనజా, ఆ నీళ్ళ సీస ముందటికియ్యి" అన్నాడు. వెనక సీట్లో హెప్సిబా పక్కనున్న సీసా తీసి వనజ ఇచ్చింది. మంచి పిల్ల, కిటికీ వైపు చూస్తూ ఇచ్చింది.

పెబ్బేరు చౌరస్తాలో పొద్దు గూకుతుండగా ఆయన కారు ఆపాడు. "ఈడ బస్సులు దొరుకుతయి. పైలం" అని వెళ్ళిపోయాడు. అంటే చివరికి ఆమె ఒంటరిగానే ప్రయాణం చేసింది. పట్టపగలు గద్వాల బస్టాండులో ఎక్కవలసిన పిల్ల చీకటిపడే వేళ హైవే పక్కన పెట్టె పట్టుకుని నిలబడింది. దానికి భద్రత అని పేరు. వనపర్తి దాకా ఒక బస్సు, అక్కడ ఆఖరి బస్సు పట్టుకుని నాగర్‌కర్నూల్లో పెద్దమ్మ రూతమ్మ ఇల్లు చేరింది.

మర్నాడు కృష్ణయ్య చిన్నాయిన ఉతికిన చొక్కా తొడుక్కుని హుషారుగా గద్వాల వచ్చాడు. గేటుకు తాళం. మల్లన్న బయట కుర్చీలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఎవరు గావాలె?"

"హెప్సిబా నాయినను. అమాసకు వస్తనంటి గదా."

"అమాస నిన్ననే పోయింది గదా. పెబ్బేరాయన ఎవరో కార్ల తీస్కపోయిండు మీ పిల్లను."

"ఏ పెబ్బేరాయన?"

"పేరు తెల్వదు. ఎడ్లు అమ్ముతడంట."

మల్లన్న తన ఫోనుతో మేడంకు చేసి చూశాడు. ఎత్తలేదు. ఆ రోజు పెబ్బేరులో సంత. ఎడ్లు, బర్రెలు, లారీలు, దుమ్ము. ఆ జనంలో ఒక మనిషి పేరు తెలియని బేరగాణ్ణి వెతుకుతూ తిరిగాడు. కనబడిన ప్రతి ఒక్కరి చెయ్యి పట్టుకుని అడిగాడు. ఒకతను నవ్వుతూ, "ఏందన్నా పరేషాన్ల ఉన్నవ్? ఎద్దు పోయిందా?" అన్నాడు.

"కాదన్నా. నా బిడ్డె."

ఈ మాట చిన్నాయిన నాకు చెప్పలేదు. తరువాత ఎప్పుడో ఊరికొచ్చినప్పుడు భార్యకు చెబుతుంటే గోడ ఇవతల విన్నాను. ఆ రోజు నుంచి నాకు ఆ హాస్టల్ మీద కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఒక హోటల్లో చాయ్ తాగి, బతిమాలి ఫోను చార్జింగ్ పెట్టుకుంటే అప్పుడు రూతమ్మ ఫోను వచ్చింది, బిడ్డ తన దగ్గరే ఉందని. ఆయన నాగర్‌కర్నూల్ వెళ్ళి కూతుర్ని చూశాడు. కొట్టలేదు, ఏడవలేదు. "సదువు చాలు. సెలవులైనంక పోయి టీసీ తెచ్చుకుందం. సైటు మీదికి నడువు" అన్నాడు.

సెలవులన్నీ హెప్సిబా తల్లితో పాటు ఇసుక మోసింది. ఆఖర్న ఒక రోజు మేస్త్రి గుడిసెలో వేలాడే క్యాలెండర్ తెచ్చి తండ్రి ముందు పరిచింది. గడిచిన సంక్రాంతి, పరీక్షల సెలవులు, వేసవి, రాబోయే క్రిస్మస్, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపింది.

"సూడు నాయినా. ఏ సెలవూ నీ అమాసకు కలుస్తలేదు."

"అందుకే చాలంటున్న."

"నేను దానికి చెప్తలేను. నువ్వు రావాల్సిన పని లేకుంట చెయ్యాలె అంటున్న."

"ఒక్కతివి తిరుగుతవా? మల్ల సంతల దేవులాడమంటవా నన్ను?"

ఆమె క్యాలెండర్ తీసుకుపోయి మేస్త్రి గుడిసెలో మళ్ళీ తగిలించింది. టీసీ కోసమే ఇద్దరూ గద్వాల వెళ్ళారు. ఆ దారంతా కృష్ణయ్య చిన్నాయిన మనసు మారలేదు. మార్చింది వార్డెన్ నోరు. ఆయన చేతులు కట్టుకుని నిలబడగానే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, పిల్లను గాలికి ఇడిసిపెట్టి ఎక్కడ తిరుగుతవ్? నేను కాబట్టి భద్రంగ పంపించిన. నాకు దండం పెట్టాలె నువ్వు."

హెప్సిబా అడిగింది, "మేడం, ఆ పెబ్బేరాయన ఫోటో ఏ కార్డుల ఉన్నది?"

"నోరు లేస్తుందే నీకు!"

కృష్ణయ్య చిన్నాయిన కట్టుకున్న చేతులు విప్పాడు. "గదే నేనూ అడుగుత మేడం. నా బిడ్డెను ఎవరికిచ్చిండ్రు? ఆయన పేరేంది?"

"వనజ వాళ్ళ ఫాదర్."

"పేరు?"

మేడంకు తెలియదు. రిజిస్టరు తీయమని ఎవరినో పిలిచింది.

"మీకే తెల్వదు. నేను ఆ పేరు లేకుంట సంతంత తిరిగిన. ఎద్దు పోయిందా అని అడిగిండ్రు నన్ను. పెద్ద సారుతాన అడుగుత ఈ మాట. ఏడున్నడు పెద్ద సారు?"

పై అధికారి మాట ఎత్తగానే మేడం గొంతు తగ్గింది. కూర్చోమంది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆయనకు కుర్చీ చూపించడం అదే మొదలు. ఆయన కూర్చోలేదు.

"పెద్ద సారుదాక ఎందుకయ్యా. నీకు రాను వీలు కాకుంటే ఇంకొకరి ఫోటో పెట్టుకో కార్డుల. ఎవరిది పెడ్తవో చెప్పు."

ఆయన కూతురి వైపు చూశాడు. రూతమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో ఇంటికి తాళం. ఇంకెవరున్నారు?

"ఈమెదే పెట్టుండ్రి."

"ఎవరిది? హెప్సిబాదా? ఆమెను ఆమెనే తోల్కపోతదా?" మేడం నవ్వింది.

"పోతది. మీరు పెబ్బేరుల ఇడిసిపెట్టిచ్చినంక చీకట్ల ఒక్కతే పోయింది గదా. అప్పుడు లేని రూలు ఇప్పుడేంది?"

ఏం జరిగినా హాస్టల్‌కు సంబంధం లేదని రాయించుకుని మరీ ఒప్పుకున్నారు. సంబంధం లేదని రాయించుకోవడంలో వాళ్ళ చెయ్యి ఆరితేరింది. ఆయన సంతకం పెట్టి, టీసీ మాట ఎత్తకుండా బయటికి వచ్చి, గేటు దగ్గర కూతురితో ఒక్కటే అన్నాడట: "ఎక్కిన కాడ ఒక ఫోను, దిగిన కాడ ఒక ఫోను. ఎవరి ఫోనన్న అడుగు. సిగ్గు పడకు."

క్రిస్మస్ సెలవులప్పుడు నేను పెబ్బేరు చౌరస్తాలో బస్సు మారుతుంటే హెప్సిబా కనిపించింది. అదే ట్రంకు పెట్టె. హైదరాబాదు బస్సు కోసం చూస్తున్నది. సైటు మళ్ళీ మారిందట, కొత్త చోటికి ఎట్లా రావాలో మేస్త్రినే అడిగి తెలుసుకుందట. నా ఫోను అడిగి తండ్రికి చేసి, "పెబ్బేరు కాడ ఉన్న నాయినా" అని చెప్పి తిరిగి ఇచ్చింది.

"గేటు కాడ ఏమనలేదా ఎవరూ?" అన్నాను.

"మల్లన్న తాత అడిగిండు అన్నా, ఎవరొచ్చిండ్రమ్మా నీకు అని. నేనే వచ్చిన తాతా, తాళం తియ్యి అన్న. కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూసి తీసిండు. బయటికొచ్చి ఎనకకు చూస్తే మా గది పిల్లలు పెట్టెల మీద కూసోని నా దిక్కే చూస్తుండ్రు. సెలవులైనంక ముందు వాళ్ళ కార్డుల సంగతి చూడాలె."