ఆయన తాగలేదని రాయించుకున్నాం

నా భర్త జిన్నింగు మిల్లులో చనిపోయినప్పుడు పత్తి సీజను ముమ్మరంగా నడుస్తోంది. చిలకలూరిపేట రోడ్ల మీద పత్తి కుక్కిన గోనె బోరేల బండ్లు బారులు తీరి ఉండేవి. నేను ఆ పూట మిరపకాయల కొట్టులో తొడిమలు తీస్తున్నాను. ఎవరో వచ్చి చెప్పగానే అలాగే లేచి మిల్లుకు పరుగెత్తాను. లోపలికి రానివ్వలేదు. ఆయన్ని గేటు దగ్గరికి తెచ్చి పడుకోబెట్టారు. కారం అంటిన చేతులతోనే కళ్లు తుడుచుకున్నానేమో, తర్వాత చాలాసేపు కళ్లు తెరవలేకపోయాను.

గింజ తీసే యంత్రానికి పత్తి అందిస్తుంటే ఆయన పంచె బెల్టులో చిక్కుకుందట. ఆ బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన ఇనుప చట్రం ఊడిపోయి ఎన్నాళ్లో అయిందట. పక్కన పనిచేసేవాళ్లు నాకు చెప్పిన మాట అది. కానీ పెద్దకర్మ కాకముందే ఊళ్లో వేరే మాట పుట్టింది. తాగొచ్చి బెల్టు మీద పడ్డాడని.

అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. తాగినవాణ్ణి పోలీసులు పట్టుకుపోయేవారు. తాగి చచ్చాడంటే దొంగతనం చేస్తూ చచ్చాడన్నంత తలవంపు. మా అత్త గడప దాటడం మానేసింది.

ఒకరోజు మిల్లు గుమాస్తా మా ఇంటికి వచ్చాడు.

"చూడమ్మా, నీ మొగుడు అసలు మా మనిషే కాదు. మేస్త్రీ తెచ్చుకున్న కూలీ. పైగా తాగొచ్చి పడ్డాడు. అయినా మా ఓనరు గారిది జాలిగుండె. తాగి పడ్డాడని ఒప్పుకుని ఒక సంతకం పెట్టు, ఏదో ఇప్పిస్తాను."

"ఆయన సారా ముట్టలేదండీ," అన్నాను.

"ముట్టలేదని నువ్వెలా చెబుతావు? మిల్లులో ఉన్నావా? చూశావా?"

లోపలి నుంచి మా అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. "లేచి వెళ్లు నాయనా," అంది. గుమాస్తా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మా అన్నయ్య గుంటూరులో రిక్షా తొక్కేవాడు. ఈ సంగతి విని, "చెల్లీ, నా రిక్షాలో రోజూ ఒక ప్లీడరు గారు కోర్టుకు వెళ్తారు. సాయిబుగారు, పెద్దాయన. ఎవర్నీ కసురుకోరు. ఒకసారి ఆయన్ని అడిగి చూద్దాం రా," అన్నాడు.

ప్లీడరు గారు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. నేను చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నారు.

"అమ్మా, రెండు సంగతులు విను," అన్నారు. "మేస్త్రీ తెచ్చిన కూలీ అయినా సరే, మిల్లు పని చేస్తూ పోతే మిల్లు యజమానే జవాబు చెప్పాలి. ఇక రెండోది. మనిషి ప్రాణమే పోయినప్పుడు, తాగాడన్న సాకుతో నష్టపరిహారం ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆ తాగుడు గొడవ మనం ముట్టుకోవద్దు. ఆయన అక్కడ పనిచేశాడని రుజువైతే చాలు."

"ముట్టుకోవాలండీ," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఎందుకమ్మా? దాని జోలికి పోకుండానే గెలుస్తాం."

"గెలిచినా ఆయన తాగుబోతుగానే మిగిలిపోతాడు కదండీ. మా అత్త ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఆయన తాగలేదని కోర్టువాళ్లే రాయాలి."

ఆయన నవ్వారు. "పని తగ్గించమని అడిగేవాళ్లనే చూశాను గానీ, పెంచమని అడిగినదానివి నువ్వే. సరే. అయితే ఆ రోజు ఆయన పక్కన ఉన్నవాళ్లు కావాలి. వాళ్లొచ్చి నోటితో చెప్పాలి."

మిల్లులో మగవాళ్లను అడిగాను. తలలు దించుకున్నారు. "రేపు మమ్మల్ని పనిలోకి రానిస్తారా అమ్మా?" అన్నాడొకాయన. కోపం రాలేదు నాకు. వాళ్ల ఇళ్లు నాకు తెలుసు. చివరికి నా భర్త పక్క యంత్రం దగ్గర పత్తి అందించే ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆ వీధిలో ఆవిడ గొంతు తెలియని వాళ్లు లేరు.

"నువ్వు అడుగుతావనే చూస్తున్నానే," అంది ఆవిడ. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

విచారణ రోజు పొద్దున్నే బస్టాండుకు వెళ్తే అక్కడ ఉన్నది ఆవిడ ఒక్కతే కాదు. ఆ వరసలో పనిచేసే ఆడవాళ్లంతా ఆవిడ వెనక ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే, "నేనొక్కదాన్నే వెళ్తే నన్నొక్కదాన్నే తీసేస్తారు. అందరం వెళ్తే మిల్లు ఎవరితో నడుపుతారో చూద్దాం," అంది. గుంటూరు దాకా బస్సులో మాకే సీట్లు చాలలేదు.

పరిహారం కేసులు విచారించే కమిషనరు గారి ముందు మిల్లు తరఫు లాయరు ఆవిడను నిలదీశాడు. "అతను తాగలేదని నీకెలా తెలుసు? దగ్గరికెళ్లి వాసన చూశావా?"

"మధ్యాహ్నం నేనే ఆయన దోసిట్లో మజ్జిగ పోశానండీ. ఎదురుగా నిలబడి మాట్లాడాడు. సారా తాగినోడి నోరు నాకు తెలీదా? మా ఆయన రోజూ తాగే వస్తాడు కదండీ!"

గదంతా గొల్లున నవ్వింది. వెంట వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న ఆవిడ భర్త తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కమిషనరు గారు నవ్వు ఆపుకుంటూ, రాస్తున్న గుమాస్తాతో, "ఆ చివరి మాట వదిలెయ్యండి," అన్నారు.

తర్వాత ఒక్కొక్కరూ లేచి చెప్పారు. పొద్దున గేటు దగ్గర నుంచీ ఆయన తమతోనే ఉన్నాడని, తిన్నగా నడిచాడని, తిన్నగా మాట్లాడాడని. ఆ పైన మా ప్లీడరు గారు మిల్లు గుమాస్తాను పిలిచారు.

"బెల్టుకు అడ్డంగా ఇనుప చట్రం ఉందా?"

"ఉందండి."

"ఎప్పటి నుంచి?"

"ఆయన పోయిన తెల్లారి నుంచండీ!" అని ఆడవాళ్లు ఒక్కసారిగా అరిచారు. కమిషనరు గారు బల్ల మీద కొట్టి అందర్నీ నోరు మూయించారు. అప్పుడు ఆయనే అడిగారు. "మీరు చెప్పండి. ఎప్పుడు బిగించారు?"

"తర్వాతేనండి," అన్నాడు గుమాస్తా, నేల చూస్తూ.

తీర్పు వచ్చిన రోజు అన్నయ్య కబురు పెడితే గుంటూరు వెళ్లాను. ప్లీడరు గారు ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెప్పారు. పరిహారం మిల్లే ఇవ్వాలన్నారు. ఆ మాట విన్నాను గానీ నా చెవులు ఇంకోదాని కోసం ఎదురుచూస్తున్నాయి. చివరికి అదీ చదివారు: "చనిపోయిన వ్యక్తి మద్యం తాగి ఉన్నాడనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ మాట నమ్మదగ్గది కాదు." "ఇంకోసారి చెప్పండి," అన్నాను. ఆయన విసుక్కోలేదు. ఆ రెండు వాక్యాలూ తెలుగులో తన చేత్తో రాసిచ్చారు.

తర్వాతి సంవత్సరాల్లో మా పేట నుంచి ఇంకొన్ని కుటుంబాలను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కొన్ని కేసులు గెలిచాం, కొన్ని పోయాయి. అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది మాత్రం ప్లీడరు గారి కాగితం ఇంటికి తెచ్చిన ఆ సాయంత్రమే.

"నన్ను మిల్లు దగ్గరికి తీసుకెళ్లు," అంది మా అత్త. పని దిగే వేళకు గేటు దగ్గర నిలబడ్డాం. జనం గుమిగూడారు. నేను ఐదో తరగతి చదివాను. కూడబలుక్కుంటూ ఆ కాగితం చదివాను.

"గట్టిగా చదవవే, ఆఫీసులోకి వినపడాలి!" అని అరిచింది మజ్జిగ పోసిన ఆవిడ.

ఈసారి గొంతెత్తి చదివాను. ఆఫీసు కిటికీ రెక్క మూసుకుంది. సాక్ష్యానికి రాలేమన్న మగవాళ్లు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వాళ్లంతా మా వెంట ఇంటిదాకా నడిచారు. అందరికన్నా ముందు మా అత్త, తలెత్తుకుని, నడిరోడ్డు మీద. వెనక నుంచి పత్తి లారీ హారన్ మీద హారన్ కొడుతున్నా ఆవిడ పక్కకు తప్పుకోలేదు.