తల వంచి పలికిన ఇంగ్లీషు

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో, అబూ హలీఫాలోని ఒక పాత భవనంలో ఉండేవాళ్ళం. మా నాయన అక్కడి ఒక భారతీయ పాఠశాలకు బస్సు నడిపేవాడు. మా అమ్మ దగ్గరలోని ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. అక్కడి పనిమనుషులందరిలాగే అమ్మ కూడా ఆ ఇంటి యజమానురాలిని ‘మామా’ అని, అంటే అమ్మా అని, పిలిచేది. కడప వైపు నుంచి వచ్చిన మాకు ఆ పిలుపు వింతగా ఉండేది. “మీయమ్మకు మామ అంటే నాకు నాయన కావల్ల. అందుకేనేమో ఆ యమ్మ నన్ను చూస్తానే కేకలేస్తాది” అని నాయన నవ్వించేవాడు. ఏ మాటతో ఎవరిని గౌరవించాలన్నది మా ఇంట్లో ఎప్పుడూ తెగని ముచ్చట.

నేనూ చదివే ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే పెద్ద టీచరు కేరళ ఆమె. జుట్టు నెరిసినా నడకలో చురుకు తగ్గలేదు. రోజూ మా నాయన బస్సులోనే వచ్చేది. ఎక్కగానే “నమస్తే భయ్యా” అని ముందు సీటులో కూర్చునేది. నేను ఇంగ్లీషులో బాగా వెనకబడ్డానని తెలిసిన రోజు నుంచి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకొంది. దారి పొడవునా దుకాణాల బోర్డులు, లారీల మీది రాతలు, రోడ్డు పక్కన సూచనలు నా చేత చదివించేది. తప్పు చదివితే కోప్పడేది కాదు. అదే మాట ఉన్న మరో బోర్డు వచ్చేదాకా ఎదురుచూసేది. మా నాయన ఇదంతా తన ముందున్న అద్దంలో చూసేవాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖం నేరుగా చూసి ఎరుగడు. అది ఆయన ఎరిగిన మర్యాద.

ఆ టీచరు ఉద్యోగం ముగించుకొని స్వదేశానికి వెళ్ళిపోతున్నదని తెలిసినప్పుడు మా ఇంట్లో ఆ రాత్రి ఎవరమూ సరిగా తినలేదు. వీడ్కోలు సభలో బస్సుల వాళ్ళ తరఫున ఒకరు మాట్లాడాలన్నారు. ఎప్పుడూ ముందుకు రాని మా నాయన తానే మాట్లాడతానన్నాడు, అదీ ఇంగ్లీషులో. హిందీలో చెప్పవచ్చు కదా అని అమ్మ అడిగితే ఆయన ఒప్పుకోలేదు. “ఆ యమ్మ నా బిడ్డకు ఇచ్చింది ఇంగ్లీషే గదా. ఆ మాటతోనే చెప్పల్ల. ఇంగ మళ్ళా యాడ కనపడతాదో ఏమో” అన్నాడు.

మాటలు నేర్పే పని పక్కింటి అక్క మీద పడింది. ఆమెది కోనసీమ. పళ్ళ డాక్టరు దగ్గర ఫోను ఎత్తే ఉద్యోగం. ఫోనులో అవతల ఎవరున్నా “ఎస్ అండీ, హోల్డ్ చెయ్యండీ” అనే రకం. ఆమె మొదట ‘ఐ రెస్పెక్ట్ యూ’ అని చెప్పించింది. అది కాగితం మీద రాసే మాటలాగా ఉందని, గుండెలోంచి రావడం లేదని నాయన పక్కన పెట్టాడు. తరువాత ‘ఐ అడ్మైర్ యూ’ అని నేర్పింది. ఆ మాట చివరి సగం మా రాజంపేట వైపు ఒక తిట్టులాగా వినబడుతుంది. నాయన చెవులు మూసుకున్నాడు.

“పోనీ, ఇది చూడండి బాబాయ్ గారూ. ‘ఐ లుక్ అప్ టు యూ’. అంటే, మీ వైపు పైకి చూస్తానండి అని.”

“పెద్దామె ముందర కండ్లెత్తి చూసేదా! మాయమ్మ ఉంటే నా చెంప పగలగొట్టేది.”

“అయ్యబాబోయ్, ఇంగ్లీషోళ్ళ గౌరవం పైకే చూస్తుందండీ. నేనేం చెయ్యను?”

నాయన తల ఊపి నేర్చుకున్నాడు. ఆ వారమంతా గడ్డం గీసుకుంటూ, బూట్లు తుడుచుకుంటూ ఆ ఒక్క వాక్యమే అనుకునేవాడు. నిద్రలో అడిగినా తప్పు లేకుండా చెప్పేవాడు.

సభ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకొని వేదిక ఎక్కాడు. ఎదురుగా కుర్చీలో టీచరు కూర్చొని ఉంది. అద్దం లేకుండా ఆ ముఖం ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చూడగానే ఆయన తల తనంతట తానే వంగింది. కుడిచేయి గుండె మీదికి పోయింది. మాట కూడా తల వెంటే కిందికి పోయింది.

“మేడం, ఐ లుక్ డౌన్ ఆన్ యూ.”

ఆ భాషలో ఆ మాటకు నిన్ను చిన్నచూపు చూస్తున్నాను అని అర్థం. వెనక వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. ఒక టీచరు లేచి నవ్వేవాళ్ళను వారించబోయింది. ఎందుకు నవ్వుతున్నారో నాయనకు తెలియలేదు; తెలియని ఆ ముఖాన్ని చూసి నాకు ఏడుపు వచ్చింది.

పెద్ద టీచరు మాత్రం నవ్వలేదు. చేయెత్తి సభను ఆపి, నన్ను వేదిక మీదికి పిలిచింది. మీ నాన్నగారు ఏమంటున్నారో నువ్వు చెప్పు అని ఇంగ్లీషులో అడిగింది. బోర్డులు చదివి నేర్చుకున్న ఇంగ్లీషుతో చెప్పాను: మేడం, మా ఇంట్లో ఎవరినైనా చాలా గౌరవిస్తే తల వంచుతాం, మా నాయన కళ్ళు మీ పాదాల దగ్గర ఉన్నాయి, అందుకే ఆ మాట అక్కడికి పోయింది.

ఆమె కుర్చీలోంచి లేచింది. మా నాయన ఎదుట నిలబడి, గుండె మీద చేయి పెట్టుకొని, నెరిసిన తల వంచింది.

“భయ్యా, ఐ లుక్ డౌన్ ఆన్ యూ టూ.”

హాలంతా చప్పట్లు మోగాయి. ఇంటికి వచ్చాక అక్క వివరంగా చెబితేగానీ నాయనకు తన తప్పు అర్థం కాలేదు. కాసేపు తల పట్టుకొని, తరువాత తానే నవ్వాడు. “కండ్లు కిందికి పోయినంక నోరొకటే పైకి ఎట్ల పోతాదమ్మీ?”

టీచరు మా బస్సు చివరిసారి దిగిన రోజున నాయన అద్దంలో చూడలేదు. వెనక్కి తిరిగి, ఆమె గేటు దాటేదాకా చూశాడు.

కొన్నేళ్ళకు మా వంశంలో మొదటి డిగ్రీ పట్టా నా చేతికి వచ్చింది. దాన్ని నాయన ఒడిలో పెట్టి పాదాలకు వంగాను. ఆయన నా గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తాడు. “మన మర్యాద అయింది గదా, ఇంగ ఇంగ్లీషోళ్ళది గూడా కానీ” అన్నాడు. ఆయన కళ్ళలోకి చూస్తూ ఆ వాక్యాన్ని, ఆయనకు వారమంతా వచ్చి ఒక్క క్షణం రాకుండా పోయిన ఆ వాక్యాన్ని, తప్పు లేకుండా చెప్పాను.

ఈనాడు కువైట్ సిటీలోని నా కార్యాలయంలో పెద్దలకు ఇంగ్లీషు ఉత్తరాలు రాయడమే నా పని. గౌరవానికి ఆ భాషలో ఉన్న మాటలన్నీ నాకు తెలుసు. అయినా వాటిలో ఏదైనా నిజంగా మనసులోంచి రాస్తున్నప్పుడు, నా తల ముందుగా కొద్దిగా వంగుతుంది. అది వంగకపోతే ఆ మాట కొట్టేసి మళ్ళీ రాస్తాను.