పాస్‌పోర్టులో మద్రాసు ముద్ర

మా బావ యోగానందకు జీతం వచ్చేది నాలుక వల్ల. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కెమిస్టుగా ఉన్నప్పుడే, చెంచాడు గుజ్జు నోట్లో వేసుకుని ఆ కాయ చెట్టున మాగిందో, మందు పెట్టి మాగబెట్టిందో చెప్పేసేవాడు. తొంభై ఏడులో దుబాయి కంపెనీ ఒకటి ఆయన్ను ఎగరేసుకుపోయింది. ఇక అక్కడినుంచి నెలకొక దేశం. గుజ్జు కొనే చోటికీ అమ్మే చోటికీ తిరిగి, రుచి చూసి సంతకం పెట్టడమే పని.

తిరగడమంటే ఆయనకు పిచ్చి. పెళ్ళిచూపుల్లో మా అక్క మోహనను అడిగిన మొదటి మాట, "నీకు సముద్రం అంటే బయమా?" అని. లేదంది అక్క. ఆ ఒక్క ప్రశ్నకే పడిపోయింది. అబద్ధమెందుకు, నేనూ పడిపోయాను. తిరుపతిలో నాకు ఎస్టీడీ బూత్, పక్కనే జిరాక్సు మిషను ఉండేవి. ఆదివారం పొద్దున బావ అక్కడికి ఫోను చేస్తే అక్క మాట్లాడాక నేను లాక్కునేవాణ్ణి. మొంబాసా ఓడరేవు, రాటర్‌డామ్ చలి, జెడ్డా ఎండ అన్నీ చెప్పించుకుని, అంగడికొచ్చిన వాళ్ళకు నేనే చూసొచ్చినట్టు కోతలు కోసేవాణ్ణి.

మేనకోడలు మహిత తొంభై ఎనిమిది అక్టోబరులో పుట్టింది. పుట్టువెంట్రుకలు కొండమీద ఇస్తామని అక్క మొక్కుకుంది. మా ఇళ్ళలో బేసి ఏట్లోనే తీయాలి. మొదటి ఏడు పాపకు అమ్మవారు పోసి తప్పిపోయింది. మూడో ఏడు, అంటే రెండు వేల ఒకటి మే పద్నాలుగున ముహూర్తం పెట్టించాం. బావ వస్తానన్నాడు. వారం ముందు ఫోను చేశాడు.

"సీజను గదా మోహనా, లీవు ఇయ్యలేదు. కెన్యా పొమ్మంటా ఉండారు. ఏం సేసేది?"

నిజానికి తండ్రి లేకపోయినా జరిగే పనే అది. మేనమామ ఒడి ఉంటే చాలు. అదే అన్నాను. "నా ఒళ్ళో కూర్సోబెట్టి తీయించేద్దామక్కా."

"వద్దులేరా మునీ. మీ బావ యాడో ఒంటిగా తిరగతా ఉండాడు. బిడ్డ గుండు కూడా ఆయన సూడకుంటే ఎట్ల?" అంది అక్క.

అలా ఇంకో రెండేళ్ళు. మరుసటేడు బావ పదిరోజులు వచ్చి వెళ్ళాడు గాని, అది నాలుగో ఏడు, పనికిరాదు. పాప జుట్టు నడుము దాకా దిగింది. ఎండాకాలం సెగ్గడ్డలు, బడినుంచి తెచ్చుకున్న పేలు. రోజూ పొద్దున చిక్కు తీసేటప్పుడు అది ఏడ్చే ఏడుపు వీధి చివరకు వినిపించేది. "ఇంగ కొన్నాళ్ళేమ్మా, నాయనొస్తాడు" అని అక్క బతిమాలుకునేది.

రెండు వేల మూడు మేలో బావ నిజంగానే వచ్చాడు. ముహూర్తానికి ముందురోజు నాకు పాస్‌పోర్టు ఇచ్చాడు. ముద్రలతో పేజీలన్నీ నిండిపోయాయట, కొత్తది కావాలట. ఏజెంటు అన్ని పేజీల జిరాక్సులూ అడిగాడు. అంగట్లో వాళ్ళకు చూపిస్తూ గొప్పగా తీయడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక పేజీలో చెన్నై విమానాశ్రయం ముద్రలు రెండు కనిపించాయి. దిగింది రెండు వేల ఒకటి మే పదకొండు. ఎక్కింది మే ఇరవై రెండు.

ముద్రలోని సంవత్సరాన్ని మూడుసార్లు చూశాను. కెన్యా పోవాలని చెప్పి ముహూర్తానికి రాని రోజులే అవి. తిరుపతినుంచి మద్రాసుకు బస్సులో మూడున్నర గంటలు. నా ఒళ్ళు మండిపోయింది.

దాచిపెట్టేంత మంచితనం నాకు లేదు. నేరుగా ఇంటికి పోయి, దోసె తింటున్న బావ కంచం పక్కన ఆ కాగితం పెట్టాను. అక్క పక్కనే కూర్చుని పాప జుట్టు దువ్వుతోంది.

"ఇదేంది బావా?"

చూశాడు. బొంకలేదు. "అండమాన్ పోయొచ్చినాను మునీ. లీవు ఉండేదే పదకొండు దినాలు. ఇంటికొస్తే సుట్టాలు, మొక్కులు, అంతటితో సరి. కంపెనీ పనిమీద ఎన్ని దేశాలు తిరిగినా హోటలూ ఫ్యాక్టరీ తప్ప నేను సూసిందేముంది? ఒక్కసారి నాకోసరం పోదామనుకొన్న్యా."

ఆ మాట అప్పుడే అక్కతో అనుంటే అక్కే పంపించేది. నన్నూ తీసుకుపోండి అని అడిగేదేమో, అంతే. అక్క దువ్వెన పాప జుట్టులో అలాగే ఆగిపోయింది. "మద్రాసు దాకా వచ్చి..." అంది. నన్ను మోసం చేశాడన్న కోపం నాకూ ఉంది, నిజమే. కానీ రెండేళ్ళు ఆ చిక్కులు తీస్తూ ఆయన మీదే జాలిపడిన మనిషి ముందు నాదెంత?

మరునాడు తెల్లవారి అలిపిరి దగ్గర మెట్లెక్కాం. బావ సగం దూరం పాపను భుజాన మోశాడు. అక్క పది మెట్లు ముందే నడిచింది, ఒక్కసారీ వెనక్కి చూడలేదు. కల్యాణకట్టలో బావే వరసలో నిలబడి టోకెనూ సగం బ్లేడూ తెచ్చాడు. నేను మహితను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"పాప నాయన యాడప్పా?" అన్నాడు మంగలాయన. "మొదట తలమీద ఆయన నీళ్ళు సల్లితే బాగుంటాది."

బావ ముందుకు వంగాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పాప నాయన రాలేదన్నా. ఇంగ ఎదురు సూసేది లేదు, నువ్వు కానీ."

చెంబు తీసుకుని పాప తల తనే తడిపింది. బావ చేతిలోని బ్లేడు నేను తీసి మంగలాయనకు ఇచ్చాను.