రేవు పాట మీద నడిచిన బాలవాడి

పెళ్లయి రేపల్లె దగ్గరి ఆ ఊరికి వచ్చేనాటికి పంచాయితీ అంటే తగవులు తీర్చే చోటని మాత్రమే నాకు తెలుసు. తెనాలిలో స్కూలు ఫైనలు దాకా చదివానని, ఆడవాళ్లకని ఉంచిన మెంబరు సీటుకి మా ఇంట్లోవాళ్లు నా పేరు ఇచ్చారు. ప్రెసిడెంటుగారు మా మామగారికి అన్న వరస. మీటింగుకి వెళ్లడం, గోడవారన బెంచీ మీద కూర్చోవడం, గుమస్తా చూపించిన చోట సంతకం పెట్టడం, ఇంతే నా పని.

అరవైల చివర్లో, పంచాయితీలకి పైనుండే సమితివాళ్లు మా ఊళ్లో బాలవాడి పెట్టారు. టీచరు సూర్యలంక వైపు చేపలు పట్టుకునే పల్లెకారుల పిల్ల, బాపట్లలో శిక్షణ అయి వచ్చింది. నాట్లకీ కలుపులకీ వెళ్లేవాళ్ల పిల్లల్ని ఒక పాకలో చేరదీసి పాటలు పాడించేది, చింతగింజలతో లెక్కపెట్టించేది. కొన్నాళ్లకి ఆ అమ్మాయి జీతం ఆగిపోయింది.

"ఇకమీదట పంచాయితీయే చూసుకోవాలంటన్నారక్కా. మీరు మెంబరు గదా, ఒక్క మాట అడగండి," అంది.

అడగడం ఎలాగో నాకు తెలియలేదు. మీటింగులో లేచి నిలబడేసరికి అనుకున్నవన్నీ మరిచిపోయి, "ఆ పిల్లలకి ఏదో ఒకటి చెయ్యండి మావయ్యగారూ," అన్నాను. రోడ్డు మీద కంకర పొయ్యడానికే గతిలేదని మెంబర్లు గొణిగారు. ప్రెసిడెంటుగారు మాత్రం క్షణం ఆలోచించలేదు.

"రేవు పాట మీద వచ్చేదంతా బాలవాడికి రాసెయ్యవయ్యా," అన్నారు గుమస్తాతో.

మా ఊరికీ రేపల్లె రోడ్డుకీ మధ్య, పొలాల నీళ్లు సముద్రానికి పోయే పెద్ద మురుగుకాలవ ఉండేది. పడవ మీద దాటాలి. ఆ పడవ నడుపుకునే హక్కుని పంచాయితీ ఏటేటా వేలం వేసేది. అదే రేవు పాట. పంచాయితీకి నికరంగా వచ్చే రాబడి అదొక్కటే. అంత సులువుగా ఎలా ఇచ్చేశారా అని ఆశ్చర్యపోతూ, సంతోషపడుతూ ఇంటికొచ్చి మావారికి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఆయన నవ్వారు.

"కాలవ మీద బ్రిడ్జి వస్తోంది. సర్వేవాళ్లు రాళ్లు పాతి వెళ్లారు. బ్రిడ్జి వచ్చాక పడవెవరెక్కుతారు?"

"మరి మావయ్యగారికి తెలీదాండి?"

"తెలీకేం. వాళ్లని పిలిపించిందే ఆయన."

ప్రెసిడెంటుగారు నన్ను ఆటపట్టించారా, లేక ఉన్నన్నాళ్లయినా ఉండనీ అని దయతలిచారా, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

బ్రిడ్జి ఆ ఏడు రాలేదు. మరుసటేడూ రాలేదు. బాలవాడి మాత్రం నడిచింది. పాకకి కొత్త తాటాకు పడింది, పిల్లలకి పలకలొచ్చాయి. పడవ దాటుతూ, ఈ జనమంతా దాటుతున్నన్నాళ్లే ఆ పిల్లల చదువు అనుకునేదాన్ని. బ్రిడ్జికి టెండర్లు పిలుస్తున్నారని ఎవరైనా అంటే, అబద్ధమైతే బాగుండుననిపించేది. వానల్లో పడవ ఆగిపోతే, ఇలా అనుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చేది.

ఒకరోజు మా పొలంలో పనికొచ్చే ఒకామె ఇంటికి వచ్చింది. ఆమె చిన్నవాడు బాలవాడిలోనే ఉన్నాడు.

"బ్రిడ్జి కోసం కలెక్టరుగారికి అర్జీ పెడతన్నామమ్మా. మొన్న వానల్లో నా కూతుర్ని పురిటికి ఆసుపత్రికి తీసకెళ్తా రేవులో నానా అవస్థా పడ్డాం. మీ సంతకం కూడా కావాలి."

"బ్రిడ్జి వస్తే బాలవాడి ఉండదేమోనే," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "బ్రిడ్జికీ బాలవాడికీ సంబంధం ఏంటమ్మా?"

రేవు పాట సంగతి విడమరిచి చెప్పబోయాను. చెబుతున్నకొద్దీ నాకే అది అర్థంలేని మాటలా వినిపించింది. సగంలో ఆపి సంతకం పెట్టేశాను.

సాయంత్రం టీచరమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే తనే అడిగింది.

"అర్జీ మీద సంతకం పెట్టారా అక్కా?"

"పెట్టాను."

పలకలు సర్దుకుంటూ, "నేనూ పెట్టానక్కా," అంది.

డెబ్బైల్లో, ఇక రాదులే అని అందరూ అనుకుంటున్నప్పుడు బ్రిడ్జి వచ్చింది. పాటదారు తన పడవని గట్టు మీద బోర్లించాడు. ఊరంతా బ్రిడ్జి మీద అటూ ఇటూ నడిచింది. నేనూ నడిచాను. సంతోషపడాలో దిగులుపడాలో తెలియక అత్తగారి పక్కన ఊరికే నడిచాను.

తర్వాతి మీటింగులో రేవు పాట ఊసే లేదు. "మరి బాలవాడి సంగతేంటండి?" అన్నాను లేచి.

"నువ్వే చెప్పమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు.

ఇంటి పన్ను కొంచెం పెంచితే చాలన్నాను. గది హోరెత్తిపోయింది. మా వీధిలోని పెద్ద రైతు ఒకాయన, ఆయనా మెంబరే, అందరికంటే గట్టిగా అరిచాడు. "మా పిల్లలెవరూ ఆ పాక మొహం చూడలేదు. మేమెందుకు కట్టాలి?"

చివరికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. ముందురోజు మా ఇంటికొచ్చి కాఫీ తాగి, సరేనని మాటిచ్చిన మెంబర్లిద్దరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంత అరిచిన రైతు చెయ్యెత్తాడు. ఎలాగో తీర్మానం గట్టెక్కింది.

బయటికొచ్చాక ఆయన్ని అడిగాను. "అన్నయ్యగారూ, మీరు వద్దన్నారు గదండి?"

"వద్దన్నానమ్మా. ఒక్కడన్నా అరవకపోతే రేపు ఇంకో పన్నేస్తారు," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.



పన్ను పెంచినందుకు మా అత్తగారు కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. టీచరు జీతం ఆలస్యంగానైనా వచ్చేది. ఆ అమ్మాయి పెళ్లయి కర్లపాలెం కాపురానికి వెళ్లాక ఇంకో అమ్మాయి వచ్చింది. నా మెంబరు పదవీ అయిపోయింది. కొన్నేళ్లకి పాక తీసేసి బాలవాడికి పెంకుటిల్లు కట్టారు. అంత డబ్బు ఎక్కడిదని నేను ఊళ్లో అడిగితే సమితి ఇచ్చిందని ఒకరు, ప్రెసిడెంటుగారు తెచ్చారని ఒకరు, మా ఇంటి పన్నేనని ఇంకొకరు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు.